నెల్లూరులో తొలి ఇల్లు: పాత ఫ్లాటా, కొత్త ఫ్లాటా, స్థలమా, నాన్న ఇంటి మీద మేడా?

నెల్లూరులో పెళ్లయి నాలుగైదేళ్లయిన ఏ జంటతో కూర్చున్నా మాట తిరిగి తిరిగి ఇంటి దగ్గరికే వస్తుంది. మాగుంట లేఅవుట్‌లో అంకణం (ఇక్కడ స్థలానికి కొలత) ఎంత, వేదాయపాళెంలో డబల్ బెడ్‌రూమ్ ఎంత, మినీబైపాస్ దాటాక వేసిన వెంచర్‌లో ఎంత అన్నది అందరికీ నోటికి వచ్చు. వాటిలో తమకి సరిపోయేది ఏదన్నదే తేలదు. రేట్లు పక్కపక్కన పెట్టి చూస్తే అది తేలదు కూడా. రేటు తక్కువని ఊరవతల స్థలం కొని, అద్దె ఒక చేత్తో, ఈఎంఐ ఒక చేత్తో కడుతూ నలిగిపోతున్న వాళ్లున్నారు. అమ్మో అంత రేటా అని వదిలేసిన పాత ఫ్లాటే లెక్క వేసి చూస్తే చవగ్గా తేలిన సందర్భాలూ ఉన్నాయి. అందుకని ఇక్కడ అన్నిటినీ ఒకే ప్రశ్న మీద పోలుస్తున్నాను: నెలకి చేతిలోంచి ఎంత పోతుంది, ఎన్నాళ్లు పోతుంది, మధ్యలో ఒకరి జీతం ఆగితే ఇల్లు నిలబడుతుందా లేదా.

లెక్కకి ఒక కుటుంబాన్ని అనుకుందాం. భర్తకి కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో ఉద్యోగం, భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్. ఇద్దరిదీ కలిపి చేతికి వచ్చేది 60 వేలు. అద్దె 10 వేలు. పాప వచ్చే ఏడు ఎల్‌కేజీలో చేరుతుంది. దాచుకున్నది, చీటీ పాడితే వచ్చేది, అత్తగారు సర్దుతానన్నది అంతా కలిపితే 10 లక్షల చిల్లర. కింద చెప్పే ఇళ్ల ధరలన్నీ లెక్క తెలియడానికి నేను వేసుకున్నవే. మీ వీధి రేటు మీరు వేసుకోండి.

బ్యాంకు ఇస్తానన్నంత వేరు, మనం మొయ్యగలిగినంత వేరు

ఇంటికొచ్చే డబ్బులో సగం దాకా ఈఎంఐలకి పోయినా బ్యాంకులు సరేనంటాయి. 60 వేల ఆదాయానికి 30 వేల ఈఎంఐ అంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకి 34 లక్షల పైగా అప్పు పుడుతుంది. ఆ మాట వినగానే 45 లక్షల ఫ్లాట్ల మీదికి చూపు పోతుంది. కానీ ఆ టీచరమ్మ రెండో కాన్పుకి ఏడాది ఇంట్లో ఉండాల్సి వస్తే? ప్రైవేటు స్కూళ్లలో ఎండాకాలం జీతాల సంగతి తెలిసిందే కదా. అందుకే మూడో వంతు దాటొద్దంటాను. అంటే నెలకి 20 వేలు.

ఎనిమిదిన్నర శాతానికి, 20 ఏళ్లకి, లక్షకి నెలకి 868 రూపాయలు కట్టాలి. వడ్డీ ఇంతకన్నా తక్కువకే దొరకొచ్చు, కానీ ఫ్లోటింగ్ వడ్డీ ఎక్కుతుంది, దిగుతుంది. కాస్త ఎక్కువ వేసుకుని లెక్క చూడటం మంచిది. 20 వేలకి 23 లక్షల అప్పు వస్తుంది. 20 ఏళ్లలో కట్టే మొత్తం 48 లక్షలకి కాస్త తక్కువ.

ఇంటి విలువలో ఎంతవరకు అప్పివ్వాలో రిజర్వు బ్యాంకు హద్దు పెట్టింది. 30 లక్షల లోపు అప్పయితే విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా. అయితే రిజిస్ట్రేషన్ ఖర్చుని ఆ విలువలో కలపరు, ఇల్లు 10 లక్షల లోపుదైతే తప్ప. మన రాష్ట్రంలో అమ్మకం దస్తావేజుకి స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 30 లక్షల ఇంటికి 2 లక్షల 25 వేలు. ఇది పూర్తిగా చేతి డబ్బు. పైన 7 లక్షల డౌన్ పేమెంటు కలిపితే 9 లక్షల 25 వేలు. లీగల్ ఒపీనియన్, బ్యాంకు ఫీజులు, ఫ్యాన్లు, కబోర్డులు, గృహప్రవేశం భోజనాలు చూసుకుంటే ఉన్న 10 లక్షలకి చెల్లు. మన కుటుంబానికి హద్దు 30 లక్షల దగ్గర ఉంది. బ్రోకరు ఇంకో అయిదు లక్షలేగా అన్నప్పుడల్లా ఈ లెక్క గుర్తుండాలి.

అద్దెలోనే ఉండటం

"అద్దె కట్టడం దండగ, ఆ డబ్బేదో ఈఎంఐ కడితే ఇల్లు మనదవుతుంది" అని పెద్దవాళ్లంటారు. వాళ్ల కాలంలో ఆ మాట సరిపోయిందేమో. ఇప్పుడు 23 లక్షల అప్పు తీసుకుంటే మొదటి నెల కట్టే 19,960లో 16,292 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలులో తగ్గేది 3,668. అద్దె దండగైతే ఇందులో ముప్పాతిక పైగా దండగే.

రెండేళ్లలో శ్రీసిటీకో చెన్నైకో మారే అవకాశం ఉన్నవాళ్లు, ఇంటి ధరలో పాతిక శాతం కూడా చేతిలో లేనివాళ్లు, ఇంకా ఎవరికో బాకీ తీరుస్తున్నవాళ్లు అద్దెలో ఉండటమే మేలు. ఒకటే షరతు. కట్టబోయే ఈఎంఐకీ ఇప్పటి అద్దెకీ ఉన్న తేడా, మన లెక్కలో 10 వేలు, జీతం పడిన రోజే రికరింగ్ డిపాజిట్‌కి పోవాలి. ఆరున్నర శాతం వడ్డీ వేసుకున్నా అయిదేళ్లకి 7 లక్షలవుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఆరు నెలలు ఆ 10 వేలు తియ్యకుండా నిలబెట్టగలిగితే ఈఎంఐ మొయ్యగలరు. మూడో నెల్లోనే స్కూలు ఫీజుకని అందులో చెయ్యి పెట్టాల్సొస్తే, మీ స్తోమత ఎంతో బ్యాంకు మేనేజరుకన్నా ముందే మీకు తెలిసిపోతుంది.

ఇళ్ల రేట్లు పెరిగిపోతాయి కదా అంటారు. పెరగొచ్చు. కానీ రేటు పెరుగుతుందన్న భయంతో తాహతుకి మించి కొన్న ఇల్లు, రెండు మూడు ఈఎంఐలు తప్పాక అయినకాడికి అమ్ముకోవాల్సి వచ్చినప్పుడు ఆ పెరుగుదల మనకి దక్కదు.

పాత ఫ్లాట్

నా ఓటు ఎక్కువసార్లు దీనికే పడుతుంది. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వయసున్న ఫ్లాటు, ఊళ్లోనే, మీ స్కూలూ మీ పనీ ఉన్న వైపు. కట్టడం పూర్తయింది కాబట్టి జీఎస్టీ లేదు. రిజిస్ట్రేషన్ అయిన నెలకే దిగిపోవచ్చు, అద్దె ఆగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఇల్లు ఎలా ఉంటుందో కళ్లతో చూసి కొంటున్నారు.

"మీ వైపు" అని ఊరికే అనలేదు. మన ఊరిని రైలు పట్టాలు నిలువునా చీల్చాయి. పెద్ద వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి, రామలింగాపురం అండర్‌బ్రిడ్జి నీళ్లతో నిండిపోతాయి. పాప స్కూలు పట్టాలకి అటు, ఇల్లు ఇటు అయితే వానాకాలం ప్రతి పొద్దునా టెన్షనే. రెండు లక్షలు తక్కువకి వస్తుందని అటువైపు తీసుకునే ముందు ఒక వాన రోజు స్కూలు టైముకి ఆ దారిన బండి మీద వెళ్లి రండి.

ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు హాల్లో సీలింగు లైట్లు చూస్తూ నిలబడొద్దు. నేరుగా బాత్‌రూములోకి వెళ్లి తల పైకెత్తండి. పై ఇంటి బాత్‌రూమ్ కారుతుంటే స్లాబు మీద పసుపు మరక, పొరలు లేచిన సున్నం కనిపిస్తాయి. కొత్తగా రంగు వేసి ఉంటే అక్కడొక్కచోటే రంగు తేడాగా ఉంటుంది. కుళాయి మూతి చుట్టూ, షవరు చిల్లుల్లో తెల్లటి ఉప్పు గట్టిగా పేరుకుని ఉంటే బోరు నీళ్ల సంగతి అర్థమైనట్టే. గీజరు, వాషింగ్ మెషీను ఎన్నేళ్లు వస్తాయో కూడా దాన్నిబట్టి చెప్పొచ్చు. తర్వాత కిందికి దిగి వాచ్‌మన్‌ని పలకరించండి. అమ్మేవాడు చెప్పనివి ఆయన చెబుతాడు: ఏప్రిల్, మే నెలల్లో వారానికి ఎన్ని ట్యాంకర్లు వస్తాయి, లిఫ్టు ఎన్నాళ్లు ఆగిపోయి ఉంది, మెయింటెనెన్సు కట్టని ఇళ్లెన్ని. సగం మంది మెయింటెనెన్సు కట్టని అపార్ట్‌మెంటులో మిగతా సగం మంది లిఫ్టు బాగుచేయించుకుంటూ బతకాలి.

కాగితాల్లో మూడు విషయాల దగ్గర గట్టిగా నిలబడాలి. దస్తావేజులో మీకొచ్చే నేల వాటా, అంటే అన్‌డివైడెడ్ షేర్, ఎన్ని గజాలో స్పష్టంగా రాసుండాలి. కట్టడం పాతబడే కొద్దీ విలువ మిగిలేది ఆ నేలకే. మున్సిపల్ ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో, కట్టింది ఎన్నో లెక్కపెట్టుకోవాలి. ప్లానులో లేని పై అంతస్తులో ఫ్లాటు చవగ్గా దొరుకుతుంది, బ్యాంకు అప్పు దొరకదు, ఆ ఫ్లాటు రేపు అమ్మబోతే కొనేవాడికీ దొరకదు. పార్కింగు దస్తావేజులో ఉండాలి, నోటిమాటగా కాదు.

దీనికి లోటు లేదా అంటే ఉంది. ఇరవై ఏళ్లు దాటిన బిల్డింగులకి బ్యాంకు మిగిలిన ఆయుష్షు చూసి అప్పు కాలం కుదిస్తుంది, ఈఎంఐ పెరుగుతుంది. చూడటానికి కొత్త ఇల్లులా ఉండదు, చుట్టాలు మెచ్చుకోరు. దిగేముందు రంగులు, ప్లంబింగు, వైరింగుకి ఒకటిన్నర, రెండు లక్షలు పక్కన పెట్టుకోవాలి, అది అప్పులో రాదు.

కట్టుబడిలో ఉన్న కొత్త ఫ్లాట్

బ్రోచరులో స్విమ్మింగ్ పూల్ బొమ్మ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి చూస్తే, దీని అసలు ఖర్చు వెయిటింగులో ఉంది. బ్యాంకు వాయిదాల్లో బిల్డరుకి డబ్బు ఇస్తుంది, ఇచ్చినంత మేరకు వడ్డీ మీరు కడుతూ పోవాలి. ఇంటి అద్దె ఎలాగూ ఉంది. ఏడాదిన్నరలో ఇస్తానన్నది మూడేళ్లయితే ఆ రెండూ కలిసి నడ్డి విరుస్తాయి.

జీఎస్టీ మరీ భయపడాల్సింది కాదు. 2019 ఏప్రిల్ నుంచి, 45 లక్షల లోపు ధర, నెల్లూరు లాంటి ఊళ్లలో 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా, ఈ రెండూ ఉంటే 1 శాతమే. దాటితే 5 శాతం. కార్పెట్ ఏరియా అంటే లోపల మనం చాప పరుచుకోగలిగిన నేల. 1200 అడుగుల ఫ్లాటు అని చెప్పేదాంట్లో మెట్లు, కారిడారు, లిఫ్టు వాటా అన్నీ కలిసుంటాయి. బిల్డరు చెప్పే రేటుని కార్పెట్ ఏరియాతో భాగించి చూడండి. పాత ఫ్లాటుతో సరైన పోలిక అప్పుడే కుదురుతుంది.

మీ పక్షాన ఉన్నది 2016 నాటి రెరా చట్టం, అంటే బిల్డర్లని అదుపులో పెట్టే రియల్ ఎస్టేట్ చట్టం. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటి గానీ కడుతుంటే ఏపీ రెరాలో రిజిస్టర్ చెయ్యాలి. చెయ్యకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. కాబట్టి ప్రీలాంచ్ ఆఫర్ అని అడ్వాన్సు అడుగుతున్నారంటే ఆ ఆఫరే చట్టానికి అవతల ఉంది. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్ల దగ్గర తీసుకున్నదాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. ఇంట్లో దిగిన అయిదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడితే బిల్డరు తన ఖర్చుతో సరిచెయ్యాలి. ఎనిమిది లోపు ఫ్లాట్లు, చిన్న జాగాలో కట్టే అపార్ట్‌మెంట్లు మన వీధుల్లో చాలా ఉన్నాయి. వాటికి ఈ రక్షణ లేదు. అక్కడ బిల్డరు గతంలో కట్టిన ఇంటికి వెళ్లి, అందులో ఉండేవాళ్లని అడిగి తెలుసుకోవడమే దారి.

అద్దె కట్టక్కర్లేకుండా అమ్మానాన్నల ఇంట్లో ఉన్నవాళ్లకి ఇది మంచి ఎంపికే. అద్దెలో ఉన్నవాళ్లకి, స్లాబులన్నీ అయిపోయి ఫ్లోరింగులో ఉన్నది తప్ప వద్దు.

స్థలం కొని తర్వాత కట్టుకోవడం

"అన్నా, ఇప్పుడు పట్టుకో, రెండేళ్లలో డబల్ అవుద్ది." ఈ మాట విననివాళ్లు నెల్లూరులో ఉండరు. మట్టి మీద మనకి మక్కువ ఎక్కువ, అది తప్పేం కాదు. కానీ ఇల్లు లేని కుటుంబానికి స్థలం ఇంటికి సమానం కాదు.

మన కుటుంబం 20 అంకణాలు 14 లక్షలకి కొన్నదనుకోండి. ఇక్కడ అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. 20 అంకణాలంటే 160 గజాలు, మూడుంపావు సెంట్ల పైన. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే, అటునుంచి వచ్చినవాళ్లు రేటు విని కంగారు పడకుండా గజాల్లోకి మార్చుకుని చూడాలి. 10 లక్షల ప్లాటు లోను, 9 శాతం, పదేళ్లు అంటే నెలకి దాదాపు 12,670. అద్దె 10 వేలు. మొత్తం 22 వేల పైన పోతోంది, ఇంకా తలదాచుకునే ఇల్లు రాలేదు. వెయ్యి అడుగుల ఇల్లు అడుక్కి 2 వేల చొప్పున వేసుకున్నా మరో 20 లక్షలు కావాలి, అదీ ఆ రోజుకి ఇసుక, సిమెంటు, మేస్త్రీ కూలి పెరగలేదనుకుంటే. ప్లాటు లోను తీసుకున్నవాళ్లు ఇన్నేళ్లలో ఇల్లు కట్టాలని బ్యాంకులు షరతు కూడా పెడతాయి.

కాగితాల గొడవ కూడా ఇక్కడే ఎక్కువ. నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందా, ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు ఏది అని అడగ్గానే "అప్లై చేశాం" అంటే లేదని అర్థం. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాను రాదు, క్రమబద్ధీకరణ ఫీజులు తర్వాత మీ నెత్తిన పడతాయి. సర్వే నంబరు 22-ఏ నిషేధ జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ కూడా అక్కడే వస్తుంది. పాత లింకు దస్తావేజులు 30 ఏళ్ల వెనక్కి చూపించమనాలి. మన జిల్లాలో డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూములు), సీజేఎఫ్‌ఎస్ భూములు (సహకార సాగు సంఘాలకి ఇచ్చినవి), దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు చాలా చోట్ల ఉన్నాయి. అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం 1977లోనే వచ్చింది. అసైన్డ్ భూమిని చట్టానికి విరుద్ధంగా కొంటే ఆ కొనుగోలు చెల్లదు, ప్రభుత్వం తిరిగి తీసేసుకోవచ్చు. "అందరూ కొంటున్నారు కదా" అన్నది కోర్టులో నిలవదు.

కాగితం శుభ్రంగా ఉన్నా నేల ఎలాంటిదో చూడాలి. పెన్నా కాలువల కింద వరి పండిన మడులు ఇవాళ లేఅవుట్లయ్యాయి. పైన గ్రావెల్ పోస్తే గట్టిగా కనిపిస్తుంది, కింద బంకమన్ను. పునాదికి ఖర్చు పెరుగుతుంది. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, చెరువు కళింగ (అలుగు) ఎటు పారుతుందో పక్క పొలం రైతుని అడగండి. 2021 నవంబరులో సోమశిల డ్యాము నుంచి వచ్చిన వరదకి భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం వైపు ఇళ్లు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్లాగిపోయాయి. ఆ వారం మీరు చూస్తున్న స్థలంలో నీళ్లు ఎంత ఎత్తు నిలబడ్డాయో చుట్టుపక్కల గోడల మీద ఇంకా చారలు కనిపించొచ్చు. లేఅవుట్ ఆఫీసులో అడిగితే చెప్పరు, ఎదురుగా టీ కొట్లో చెబుతారు.

స్థలం ఎవరికి? సొంతింట్లో ఉంటూ పిల్లల కోసం కొనేవాళ్లకి. అప్పు లేకుండా కొనగలిగిన వాళ్లకి. మన లెక్కలోని జంటకి కాదు.

నాన్న ఇంటి మీద మేడ

దీని గురించి ఎవరూ బ్రోచరు వెయ్యరు, బ్రోకరుకి కమిషన్ రాదు, అందుకే చర్చలోకి రాదు. కానీ స్టోన్‌హౌస్‌పేటలోనో బాలాజీనగర్‌లోనో నాన్న కట్టిన డాబా ఉన్నవాళ్లకి దీనికన్నా చవకైన దారి లేదు. నేల కొనక్కర్లేదు, పునాది వేసే ఉంది, అమ్మకపు రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు. 900 అడుగుల పై అంతస్తు అడుక్కి 1800 చొప్పున 16 లక్షల 20 వేలు. చేతిలో ఉన్న 10 లక్షల్లో 7 పెట్టి 9 లక్షల చిల్లర అప్పు తీసుకుంటే, పదేళ్లకే తీరిపోయేలా పెట్టుకున్నా ఈఎంఐ 12 వేలు దాటదు. ఒకరి జీతం ఆగినా ఇల్లు గడుస్తుంది. పాపని చూసుకునే నాయనమ్మ కింద ఉంటుంది.

ఇంత బాగుంటే అందరూ ఎందుకు చెయ్యరంటే, రెండు కారణాలు. ఒకటి కట్టడం. ముప్పై, నలభై ఏళ్ల కిందటి చాలా ఇళ్లు పిల్లర్లు లేకుండా గోడల మీద స్లాబు వేసి కట్టినవి. వాటి మీద పూర్తి అంతస్తు లేపడం ప్రమాదం. పిల్లర్లున్నా అవి ఎంత బరువుకి వేశారో, లోపల ఇనుము తుప్పు పట్టిందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి రాసివ్వాలి. మేస్త్రీ "ఏం కాదు సామీ" అంటే సరిపోదు. ఆ ఇంజనీరుకిచ్చే ఫీజు ఈ మొత్తంలో తేలిగ్గా పోయే ఖర్చు. మున్సిపల్ ప్లాను కూడా కొత్తగా తెచ్చుకోవాలి, బ్యాంకు అది లేకుండా అప్పివ్వదు.

రెండోది మనుషులు. ఇల్లు నాన్న పేరు మీద ఉంటే, పైన మీ డబ్బుతో ఎంత కట్టినా కాగితం మీద అది నాన్నదే. నాన్న స్వార్జితమైతే పై అంతస్తుని ఆయన మీ పేరున సెటిల్‌మెంటు దస్తావేజు రాసి రిజిస్టర్ చెయ్యొచ్చు. తాతల ఆస్తి అయితే ఆయన ఒక్కడి సంతకం చాలదు. మన రాష్ట్రంలో 1986 సవరణే అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో సమాన హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. కాబట్టి అక్క, చెల్లి, తమ్ముడు అందరూ కూర్చుని పైది ఎవరిది, కిందిది ఎవరిది, మెట్లు, టెర్రస్, బోరు, పార్కింగు ఎవరెలా వాడుకోవాలి అన్నది పంపకాల దస్తావేజులో రాసుకోవాలి. స్లాబు పడకముందే. "మన ఇంట్లో మనకి కాగితాలేంట్రా" అని నాన్న నొచ్చుకుంటాడు. ఆ ఒక్క రోజు నొచ్చుకోనివ్వండి. అక్క బావ ముందు రాసుకోని మాట, పదేళ్ల తర్వాత లాయరు ముందు మాట్లాడుకోవాల్సి వస్తుంది.

కోడలి అభిప్రాయం కూడా ఈ లెక్కలో భాగమే. మెట్లు బయటినుంచి ఉండి, వంటిల్లు, కరెంటు మీటరు వేరుగా ఉంటే చాలా ఇళ్లల్లో సర్దుకుపోతుంది. మెట్లు హాల్లోంచి ఉన్న చోట సర్దుకోవడం కష్టం.

కోవూరు, వెంకటాచలం, బుచ్చి వైపు

నెల్లూరు చుట్టుపక్కల ఉన్న ఈ ఊళ్లలో అదే డబ్బుకి కాస్త విడి ఇల్లు దొరుకుతుంది. 2022 సెప్టెంబరులో పెన్నా బ్యారేజీ మొదలయ్యాక అటూ ఇటూ తిరగడం కాస్త తేలికైంది. పని, స్కూలు రెండూ అటే ఉంటే వెళ్లొచ్చు. ఇద్దరూ రోజూ చెరో బండి మీద నెల్లూరు రావాల్సి ఉంటే పెట్రోలు, పాప వ్యాన్ ఫీజు కలిపి ఈఎంఐలో వేసుకోండి, తేడా చాలా వరకు కరిగిపోతుంది.

ప్రభుత్వం పేదలకి కట్టిచ్చిన టిడ్కో ఇళ్లు, కాలనీ పట్టాలు నోటరీ అగ్రిమెంటు మీద అమ్ముతున్నారని వింటుంటాం. 100 రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాల్సిందే. నోటరీ కాగితంతో యజమాని మారడు. డబ్బు మీది, ఇల్లు ఆయనది.

డబ్బు కట్టే దగ్గర

సగం వైట్, సగం క్యాష్ అనే అమ్మకందారు పాత ఫ్లాట్ల దగ్గర ఎక్కువగా తగులుతాడు. క్యాష్ భాగానికి అప్పు రాదు. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. మీ పరిమితి 30 లక్షలని మొదటి రోజే చెప్పి, మొత్తం చెక్కు అనండి. కుదరకపోతే వేరే ఫ్లాటు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరులో మొదలైంది. ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం, 35 లక్షల లోపు ఇల్లు, 25 లక్షల లోపు అప్పు అయితే వడ్డీ రాయితీగా గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు, అయిదు వార్షిక వాయిదాల్లో అప్పు ఖాతాలో పడుతుంది. భార్యాభర్తలకి, పెళ్లికాని పిల్లలకి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. నాన్న పేరున ఉన్న ఇల్లు అడ్డం కాదు. మన జంట ఆదాయం 7 లక్షల 20 వేలు, 30 లక్షల ఫ్లాటు, 23 లక్షల అప్పు, అన్నీ సరిపోయాయి. లోను శాంక్షన్ అయ్యే ముందే బ్యాంకులో ఈ సంగతి అడగాలి. ఇల్లు ఇద్దరి పేర్ల మీదా రాయించుకుంటే ఈ పథకానికీ మంచిదే, రేపటికీ మంచిదే.

పన్ను మినహాయింపు చూపించి పెద్ద ఇల్లు అంటగట్టాలని చూస్తారు. సొంతానికి ఉండే ఇంటి వడ్డీ మీద 2 లక్షలు, అసలు మీద 1.5 లక్షల మినహాయింపు పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో ఉన్నవాళ్లకి అవి లేవు.

చీటీ డబ్బుతో డౌన్ పేమెంటు కట్టాలనుకుంటే రిజిస్టరైన చీటీ అయి ఉండాలి. పక్కవీధి ఆంటీ దగ్గర కట్టే చీటీ మీద ఫ్లాటు అడ్వాన్సు ఇవ్వొద్దు. ఆ చీటీ తేలకపోతే అడ్వాన్సూ పోతుంది.

అప్పు తీసుకున్నాక ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టగలిగితే 20 ఏళ్లది పదహారున్నర ఏళ్లకి తీరుతుంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి అప్పుకి ముందే కట్టినందుకు జరిమానా లేదు. సంపాదించే ఇద్దరి పేరా అప్పుకి సమానమైన టర్మ్ ఇన్సూరెన్సు ఉండాలి. బ్యాంకు అంటగట్టే పాలసీనే తీసుకోనక్కర్లేదు, బయట పోల్చి చూసుకోవచ్చు.

ఇంతకీ మన జంట? నాన్న ఇల్లు పిల్లర్ల మీద ఉండి, తోబుట్టువులు సంతకాలకి సరేనంటే మేడ. లేదంటే వేదాయపాళెం, రామలింగాపురం చుట్టుపక్కల 30 లక్షల లోపు పాత ఫ్లాటు. అదీ దొరక్కపోతే ఇంకో రెండేళ్లు అద్దె, నెలకి 10 వేలు ఆర్డీ. స్థలం ఈ మూడింటి తర్వాతే.

వెతకడం ఎప్పుడు మొదలుపెట్టాలంటే, అక్టోబరు, నవంబరుల్లో. మనకి వానలు ఎక్కువగా పడేది అప్పుడే. కారే స్లాబు, నిలబడే నీళ్లు, మునిగే దారి అన్నీ ఆ రెండు నెలల్లో బయటపడతాయి. నచ్చిన రెండు మూడు ఇళ్ల కాగితాలు లాయరుకిచ్చి, బ్యాంకులో లోను సంగతి నడుపుకుంటూ ఉంటే డిసెంబరు, జనవరి వచ్చేస్తాయి. పుష్యమాసం శూన్యమాసమని కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. అమ్మాలని తొందరలో ఉన్నాయన అప్పుడు ఫోనుకి త్వరగా దొరుకుతాడు, రేటు దగ్గర కాస్త మెత్తబడతాడు. మాటా ముచ్చటా, అగ్రిమెంటూ అప్పుడు పెట్టుకుని, రిజిస్ట్రేషన్, పాలు పొంగించడం మాఘంలో పెట్టుకోవచ్చు.